మల్టీమీటర్‌లో ఓపెన్, మెగ్గర్‌లో సున్నా: బోరు కేబుల్ లీకేజీ ఎక్కడ?

బోరుబాధ:
5 హెచ్‌పీ త్రీఫేజ్ సబ్‌మెర్సిబుల్. మోటారు 250 అడుగుల్లో, నీళ్లు 120 అడుగుల్లో. జీఐ పైపు, 3 కోర్ ఫ్లాట్ కేబుల్. ఆన్ చేయగానే 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ (లీకేజీ కనిపెట్టి కరెంటు కట్ చేసే బ్రేకర్) పడిపోతోంది. కోర్‌కీ (కేబుల్ లోపలి రాగి తీగ) పైపుకీ మధ్య మల్టీమీటర్ 20 మెగా ఓముల రేంజ్‌లో ఓపెన్ (కరెంటుకి దారి లేదని) చూపిస్తోంది, 500 వోల్టులిచ్చి ఇన్సులేషన్ కొలిచే మెగ్గర్ సున్నా అంటోంది. కేబుల్ మీది ఒకే పీవీసీ తొడుగు ఒక మీటర్‌కి ఇన్సులేటర్, ఇంకోదానికి కండక్టర్ ఎలా అయింది? మోటారు మొత్తం పైకి లాగాలా?

తీగలపని:
పీవీసీ మారలేదండీ, ఒక చోట అది కోసుకుపోయింది. రాగి నిరోధకత సుమారు 1.7×10⁻⁸ ఓం-మీటర్, మంచి పీవీసీది 10¹² పైమాటే. బోరు నీళ్లది ఉప్పును బట్టి 5-20 ఓం-మీటర్ల దగ్గర. అంటే లోపం నీళ్లలో ఉంటే మల్టీమీటరే కిలో ఓముల్లో చూపించేసేది. అది ఓపెన్ అంటోంది కాబట్టి నా అనుమానం నీటిమట్టానికి పైన, పొడిగా ఉన్న చోట. క్లాంపు దగ్గర కేబుల్ నలిగి, రాగికీ పైపుకీ మధ్య తుప్పు పొర మిగిలి ఉంటుంది. ఆ పొర మల్టీమీటర్ ఇచ్చే కొద్ది వోల్టులకు ఆగుతుంది, 500కి ఆగదు. ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య 240 అన్నా పీక్ 340 దాకా వెళ్తుంది. 30 మిల్లీ ఆంప్స్ పోవాలంటే 8 కిలో ఓములు చాలు.

మెగ్గర్‌మామ:
లాగే ముందు మెయిన్ ఆపి, కేబుల్‌ని స్టార్టర్ నుంచి విప్పి కొలవండి. స్టార్టర్‌లోని ప్రివెంటర్ కార్డుకి (ఒక ఫేజ్ పోతే మోటారుని ఆపేది) 500 వోల్టులు తగిలితే అది పోతుంది, కొత్త తలనొప్పి. ముందు బోర్ క్యాప్ (బోరు పైమూత) అంచు చూడండి, చాలాసార్లు దెబ్బ అక్కడే ఉంటుంది. దొరక్కపోతే 20 అడుగుల పైపులు ఆరు లాగితే నీటిమట్టం వస్తుంది. ఒక్కో పైపు విప్పి, కేబుల్ టైలు కోసి, కింద వేలాడే పైపుకీ కోర్‌కీ మధ్య మెగ్గర్ తిప్పండి. సున్నా నుంచి ముల్లు ఎగిరిందంటే దెబ్బ ఆ పైపు మీదే. ప్రతిసారీ కొలిచాక కోర్‌ని పైపుకి తాకించి చార్జ్ దించండి.

బోరుబాధ:
క్యాప్ అంచు దగ్గరే కోసుకుంది, ఒక కోర్ రాగి కనిపిస్తోంది. టేపు చుట్టి వదిలేయొచ్చా?

తీగలపని:
మామూలు పీవీసీ టేపు ఒక్కటే వద్దు, తేమకి జిగురు వదిలేస్తుంది. ఆ ముక్క కోసేసి, మూడు కోర్లనూ రెండేసి అంగుళాల తేడాతో కత్తిరించండి, జాయింట్లు పక్కపక్కన రాకూడదు. రాగి ట్యూబు వేసి క్రింప్ చేయండి (నొక్కి బిగించండి). పీవీసీని రెండు వైపులా అంగుళం మేర గరుకు కాగితంతో రుద్ది గ్రీజు తుడవండి. పైపు మరలకు పూసిన గ్రీజు చేతికి ఉంటే టేపు అతకదు, తర్వాత తిట్టుకునేది టేపునే. రబ్బరు సెల్ఫ్‌బాండింగ్ (తనకి తానే అతుక్కునే) టేపు సాగదీస్తూ, సగం సగం ఎక్కేలా మూడు పొరలు, దానిపై పీవీసీ టేపు. కిందకి దించక ముందు జాయింటుని గంటసేపు బకెట్ నీళ్లలో నానబెట్టి, నీళ్లలో ఇంకో తీగ ముంచి, దానికీ కోర్‌కీ మధ్య మెగ్గర్ చూడండి. మోటారు కలవకుండా ఆ ముక్క ఒక్కటీ వందల మెగాల్లో రావాలి. 20 లోపు వస్తే విప్పి మళ్లీ చుట్టండి.

మెగ్గర్‌మామ:
క్యాప్ రంధ్రానికి రబ్బరు గ్రోమెట్ (అంచుకి తొడిగే రింగు) కూడా వేయండి, లేకపోతే ఆర్నెల్లకి ఇదే జాయింట్ పక్కన మళ్లీ కోస్తుంది.