సర్కారు ఐటిఐని కంపెనీల చేతిలో పెడితే మన గుంటలకి (పిల్లలకి) మంచిదేనా?

ఇజీనారం వైర్‌మన్
పీఎం సేతు అని కేంద్రం పథకం ఒకటి 2025 మేలో మంత్రివర్గంలో పాసయింది కదా. దేశం మొత్తం మీద 1000 సర్కారు ఐటిఐలను బాగుచేస్తారట, అందులో 200 పెద్దవి, వాటి కింద 800 చిన్నవి, మొత్తం 60,000 కోట్లు, అందులో 10,000 కోట్లు పరిశ్రమల వాటా. డబ్బుతో నాకు పేచీ లేదు. ఆస్తి ప్రభుత్వానిదే గానీ నడిపేది పరిశ్రమ అంటున్నారు చూడండి, అక్కడే నాకు అనుమానం.

నేను 2003లో ఎలక్ట్రీషియన్ పాసయ్యాను. మా నాన్న జూట్ మిల్లు కార్మికుడు, మిల్లు లాకౌట్ అయిన ఏడాదే నేను చేరాను. రెండేళ్లూ బస్సు పాసు, రెండు జతల ఖాకీ బట్టలు తప్ప ఇంట్లో పైసా అడగలేదు. ఇప్పుడు ఇళ్ల వైరింగు, మోటార్ల పని, పెళ్లిళ్ల సీజన్లో జనరేటర్లు, ఏది వస్తే అది చేసుకుంటున్నా. కంపెనీ నడిపితే కంపెనీకి కావలసిందే నేర్పుతుంది, నాలాగా నాలుగు రకాల పనులు చేసుకుని బతికేవాడి సంగతి ఎవరు చూస్తారు? మీరేమంటారో చెప్పండి, తిట్టుకోకుండా.

పైడిభీమవరం నైట్ షిఫ్ట్
తిట్టను గానీ సూటిగా చెప్తా. నేను మందుల ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ చూస్తాను. ఏటా అప్రెంటిస్‌లు వస్తారు, మెమోలో మార్కులు ఘనంగా ఉంటాయి, పంపు సీలు మార్చమంటే సీలు ఏ వైపు కూర్చుంటుందో తెలీదు. వీఎఫ్‌డీ, అంటే మోటారు వేగం పెంచి తగ్గించే పెట్టె, చూపిస్తే ఒకడు స్టెబిలైజర్ అనుకున్నాడు, ఒట్టు. గుంటడిని ఏమనగలం, వాడు చదివిన చోట ఉన్నది ఒక్క స్టార్ డెల్టా స్టార్టరు, అదీ గోడకి బిగించి చూపించడానికి. ఆరు నెలలు పోతే గానీ ఒంటరిగా లైన్ మీద వదలలేం. ఆ ఆరు నెలల పని మా వాళ్లే ఐటిఐకి వచ్చి నేర్పితే ఎవరికి నష్టం?

ఇంకోటి, అప్రెంటిస్ చట్టం 1961 నుంచీ ఉంది. ఇప్పటి రూల్స్ ప్రకారం 30 మంది, ఆ పైన పనిచేసే చోట 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను పెట్టుకోవాలి. కాబట్టి ఈ చదువుకి కంపెనీ కొత్త చుట్టమేమీ కాదు.

రిటైర్డ్ ఫిట్టర్ మాస్టారు
చుట్టమే బాబూ, కాదనను. ఇంటిపెద్ద ఎవరన్నదే తగువు.

నేను ముప్ఫై ఏళ్ల పైన ఈ పనే చేశాను కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపికుంటే చదవండి. ఈ బడులు ఎవరి కోసం పుట్టాయి? యుద్ధం అయిపోవస్తున్న రోజుల్లో, 1945 జులైలో, పటాలం నుంచి ఇంటికి పంపేస్తున్న సైనికులకి బతుకుదెరువు చూపించడానికి ఢిల్లీలో ఒక డైరెక్టరేట్ పెట్టారు. ఆ తర్వాత దేశవిభజనలో ఇల్లూ వాకిలీ పోగొట్టుకుని వచ్చినవాళ్ల పని కూడా దాని నెత్తినే పడింది. ఆ డైరెక్టరేటే 1950లో క్రాఫ్ట్స్‌మన్ ట్రైనింగ్ స్కీం మొదలుపెట్టింది, మన ఐటిఐలన్నీ దాని పిల్లలే. పరిశ్రమకి పనివాళ్లను అందించాలనీ, చదువుకుని ఖాళీగా ఉన్న కుర్రాళ్లకి పని చూపాలనీ రెండూ లక్ష్యాల్లో రాసుకున్నారు, నేను దాచను. కానీ ఈమధ్య ఎవరు మాట్లాడినా మొదటిదే చెప్తారు, రెండోది ఎత్తరు.

ఇంక పాలన. 1956 నవంబరు 1న, అంటే మన ఆంధ్రప్రదేశ్ పుట్టిన రోజునే, ఐటిఐల రోజువారీ పాలన రాష్ట్రాలకి ఇచ్చేశారు. ఖర్చు కేంద్రం 60, రాష్ట్రం 40. 1969 ఏప్రిల్ నుంచి డబ్బు బాధ్యత కూడా రాష్ట్రాలదే అయింది. సిలబస్, పరీక్ష, సర్టిఫికెట్ మాత్రం ఢిల్లీ దగ్గరే ఉండిపోయాయి. పరీక్ష పెట్టేవాడొకడు, సామాను కొనాల్సినవాడొకడు. వర్క్‌షాపులో ఇనప ముక్క లేకపోతే ఎవరిని అడగాలో మాకే తెలిసేది కాదు.

కంపెనీల మాట కూడా కొత్తది కాదు. 2007-08లో 1396 సర్కారు ఐటిఐలకి తలా 2.5 కోట్లు వడ్డీలేని అప్పు ఇస్తామని, ఐటిఐ చూసుకునే కమిటీకి ఛైర్మన్‌గా పరిశ్రమ మనిషి ఉంటాడని పథకం పెట్టారు. నేను పనిచేసిన చోట ఆ పెద్దమనిషి ఏడాదికి రెండుసార్లు వచ్చి, టీ తాగి, సంతకం పెట్టి వెళ్లేవారు. మంచివారే పాపం, తీరిక లేదు.

చివరిగా ఆకురాయి గురించి. ఫిట్టర్లో చేరిన గుంటడికి మొదట్లో వారాల తరబడి అదే పని. ముక్కని వైసులో బిగించి ఫైలింగ్ చెయ్యాలి, అరచేతులు బొబ్బలెక్కుతాయి, రెండోవారానికి కొంతమంది బడి మానేస్తారు. ట్రై స్క్వేర్ (మూలమట్టం) ఆనించి కిటికీకేసి పట్టుకుని చూస్తే సందులోంచి వెలుతురు రాకూడదు. వస్తే మళ్లీ మొదటికి. తర్వాత మేల్, ఫీమేల్ ముక్కలు ఒకదాంట్లో ఒకటి దిగాలి, 0.04 మిల్లీమీటరుకి మించి తేడా ఉండకూడదు. గ్రైండరు ఉండగా ఇన్ని రోజులు ఎందుకు దండగ అని ఏ మేనేజరైనా అడుగుతాడు, ఆయన లెక్కలో ఆయన కరెక్టే. కానీ వేలికి కొలత తెలిసేది ఆ రోజుల్లోనే. అది తెలిసినవాడు ఏ మెషీను దగ్గరికి పంపినా నిలబడతాడు.

కంచిలి వెల్డర్
మాస్టారూ దండాలు. నేను గల్ఫ్‌లో సైట్ నుంచి రాస్తున్నా, ఇక్కడ మన సోంపేట, కవిటి వైపు వాళ్లు మా క్యాంపులోనే బోలెడుమంది.

నాది ఏడాది వెల్డర్ ట్రేడు, సర్కారు ఐటిఐలోనే. మాస్టారు మంచోరు, నేర్పాలని ఉంది, రాడ్లు లేవు. ఒక్కోరోజు ఇద్దరికి కలిపి ఒక రాడ్డు. మిగతా టైము ఒకడు కాలుస్తుంటే పదిమందిమి అద్దం పట్టుకుని చూడ్డమే. చూస్తే వస్తుందా? ఈతా, వెల్డింగూ గట్టు మీద కూర్చుని నేర్చుకునేవి కావు. పాసయ్యాక ఏజెంటు 6జీ టెస్టు కావాలన్నాడు, అంటే పైపుని 45 డిగ్రీల వాలులో బిగించేసి, దాన్ని తిప్పకుండా మనమే చుట్టూ తిరిగి కాల్చాలి. నాకు ఫ్లాట్, అంటే ముక్కని కింద పరిచి కాల్చడం తప్ప రాదు. జీడితోట కుదువపెట్టి ప్రైవేటు సెంటర్లో రెండు నెలలు నేర్చుకున్నా. అక్కడ రాడ్లు కావలసినన్ని. ఎక్స్‌రేలో రూటు, అంటే అతుకు అడుగు పొర, బాగా వచ్చేదాకా కాల్పించారు.

కంపెనీ నడపనీ, సర్కారు నడపనీ, నాకు పట్టింపు లేదు. నేర్చుకోవడానికి ఐటిఐ ఫ్రీ, నేర్చుకున్నది రావడానికి తోట పోయింది. ఇది ఏ లెక్క?

చీపురుపల్లి అమ్మ
మా అమ్మాయి డ్రాఫ్ట్స్‌మన్ సివిల్ చేస్తోంది, రెండో ఏడు. ఇప్పుడైతే మార్కులు, రిజర్వేషను చూసి సీటిచ్చారు. రేపు కంపెనీవాళ్లు కూర్చుంటే అమ్మాయికి నైట్ షిఫ్టు కుదరదు, ఫిట్టర్, మెషినిస్టు అమ్మాయిలకెందుకు అని మెల్లగా పక్కనపెట్టరని గ్యారంటీ ఏంటి? ఇంటర్వ్యూల్లో ఆ మాట ఇప్పుడే వింటున్నాం. దీనికి జవాబు చెప్పి మిగతాది మాట్లాడుకోండి.

పైడిభీమవరం నైట్ షిఫ్ట్
అమ్మా, మీ ప్రశ్నకి నా దగ్గర మంచి జవాబు లేదు. మా ప్లాంటులో మెయింటెనెన్స్‌లో అమ్మాయి ఒక్కరూ లేరు, క్వాలిటీ ల్యాబులో ఉన్నారు.

మాస్టారూ, ఆకురాయి సంగతి ఒప్పుకుంటా. మా దగ్గర కప్లింగ్ అలైన్‌మెంట్, అంటే మోటారునీ పంపునీ ఒకే వరసలో కలిపే పని, చేసేటప్పుడు డయల్ గేజి పెట్టి కొలవకముందే వేలు పెట్టి, ఇటు సన్నటి షిమ్ము రేకు ఒకటి వెయ్యి అనే పెద్దాయన ఉన్నాడు, పాత ఐటిఐ సరుకు, మీ శిష్యుడేమో కూడా. కానీ అలాంటి మాస్టార్లు రిటైరైపోతే ఆ పోస్టుల్లో గెస్టు ఫ్యాకల్టీని పెట్టి నెట్టుకొస్తుంటే, కంపెనీ వద్దు అనడం బాగానే ఉంటుంది, పాఠం ఎవరు చెప్తారు? వెల్డర్ తమ్ముడికి రాడ్లివ్వనిది మేం కాదు కదా.

ఇజీనారం వైర్‌మన్
అది నిజమే, దెబ్బ తగిలింది. అయితే ఒకటి ఆలోచించండి. ఆమదాలవలస షుగర్ ఫ్యాక్టరీ మూతపడింది. మా నాన్న మిల్లు గేటు ఎన్నిసార్లు మూసి తెరిచారో లెక్కలేదు. బొబ్బిలి వైపు ఫెర్రో అల్లాయ్స్ ఫర్నేసులకి కరెంటు రేటు పెరిగితే చాలు, టెన్షన్ మొదలవుతుంది. పక్కనున్న ఫ్యాక్టరీని చూసి ట్రేడు కత్తిరిస్తే, ఆ ఫ్యాక్టరీ పడుకున్న రోజున మన గుంటడు ఏమవుతాడు? పైగా అప్రెంటిస్ పూర్తయినవాడికి ఉద్యోగం ఇచ్చి తీరాలన్న కట్టుబాటు మీరు చెప్పిన చట్టంలో లేదు, 2014 సవరణ తర్వాత ఎవరి విధానం వాళ్లే రాసుకోవచ్చు. నడిపించే హక్కు కావాలి, తీసుకునే పూచీ వద్దు అంటే ఎలా?

రిటైర్డ్ ఫిట్టర్ మాస్టారు
నైట్ షిఫ్ట్ బాబూ, మీ మెషీన్లు తెండి, మీ మనుషులు వారానికి రెండు రోజులు వచ్చి వీఎఫ్‌డీ, పీఎల్‌సీ (మెషీన్లని నడిపించే చిన్న కంప్యూటరు) చెప్పండి, నేనే ముందు బెంచీలో కూర్చుని నేర్చుకుంటా. డ్యూయల్ సిస్టమ్ అని కొన్నాళ్లు ఐటిఐలో, కొన్నాళ్లు ఫ్యాక్టరీలో నేర్పే పద్ధతి ఇప్పటికే ఉంది, దాన్ని గట్టిగా నడిపినా చాలు. ఎవరిని చేర్చుకోవాలి, ఏ ట్రేడు ఉంచాలి, ఎన్నాళ్లు నేర్పాలి, ఈ మూడూ మాత్రం మీకు ఇవ్వకూడదని నా మాట.

పైడిభీమవరం నైట్ షిఫ్ట్
మూడోదాని దగ్గర నాకు ఇంకా తేడా ఉంది. మొదటి రెండూ సరే.

ఇజీనారం వైర్‌మన్
పాత విద్యార్థులం కొంతమందిమి కలిసి కలెక్టరేట్‌లో అర్జీ ఇద్దామనుకుంటున్నాం. సీట్లు ఇప్పటిలాగే మార్కులు, రిజర్వేషను ప్రకారం ఇవ్వాలి, రెండేళ్ల ట్రేడుల్ని ఆరు నెలలకి కుదించకూడదు, ఖాళీ పోస్టుల్లో రెగ్యులర్ ఇన్‌స్ట్రక్టర్లను వెయ్యాలి. ఇంతవరకు రాశాను. ఇంకేమైనా ఉంటే చెప్పండి.

కంచిలి వెల్డర్
రాడ్లు రాయన్నా. మనిషికి రోజుకి ఎన్నో అంకె వేసి మరీ రాయి.