బాలదొంగల్ని పాయింట్ ప్యూయర్‌కు పంపడం: బాగుచేయడమా, వదిలించుకోవడమా?

లంగరు:
నా వాదన ముందే చెప్పేస్తాను, తర్వాత తిట్టండి. 1834 నుంచి 1849 దాకా బ్రిటన్ నుంచి ద్వీపాంతరం పంపిన మగపిల్లల్ని వాన్ డీమెన్స్ ల్యాండ్‌లో, అంటే ఇప్పటి టాస్మానియాలో, పెద్దఖైదీల జైలున్న పోర్ట్ ఆర్థర్ ఎదురుగా ఉన్న పాయింట్ ప్యూయర్‌లో ఉంచారు. మొత్తం దాదాపు 3,000 మంది. అక్కడ చెప్పులు కుట్టడం, వడ్రంగం, రాయి చెక్కడం, పడవలు కట్టడం నేర్పారు. పోర్ట్ ఆర్థర్ చర్చికి రాళ్లు చెక్కింది కూడా ఈ పిల్లలే. మరి ఇంగ్లండ్‌లోనే ఉండిపోయినవాళ్ల సంగతి? చాథమ్‌లో యూరియలస్ అనే పాత యుద్ధనౌకను 1825లో పిల్లల జైలు చేశారు. పొద్దస్తమానం లోపలే కూర్చుని ఖైదీల బట్టలు కుట్టాలి. ఆసుపత్రికి చేరితే చాలనుకుని పిల్లలు తమ ఒంటికి తామే గాయాలు చేసుకున్నారని 1835లో లార్డ్స్ సభ కమిటీ ముందు సాక్ష్యం వచ్చింది. దానికన్నా ప్యూయర్ నయం కాదా?

కోర్టుగుమాస్తా:
లంగరు గారూ, అసలు ఆ పోలికే చెల్లదు. ఆ రెండూ ఒకే దారిలో మజిలీలు. చాలామంది కుర్రాళ్లు ముందు ఆ నౌకలో నెలల తరబడి మగ్గి, ఆ తర్వాతే ఆస్ట్రేలియా ఓడెక్కారు.

ఇంతకీ రుమాలు కొట్టేసినందుకు ఏడేళ్లు ఎలా పడేవో చూడండి. 1718 నాటి చట్టమే చిల్లర దొంగతనానికి కూడా ఏడేళ్ల ద్వీపాంతరానికి దారి తెరిచింది. ఇంట్లోంచి 40 షిల్లింగుల సొత్తు పోతే ఉరి కాబట్టి, జ్యూరీలు తెలిసే 39 షిల్లింగులని విలువ కట్టేవి. జేబు కొట్టినందుకు ఉరి 1808లో పోయింది. దయ అనుకుంటాం గానీ, ఉరి భయం పోయాక ఫిర్యాదు చేయడానికీ, దోషి అని తేల్చడానికీ జనం వెనకాడలేదు. దాంతో ఓడలు నిండాయి. 7 నుంచి 14 ఏళ్ల పిల్లాడికి తప్పని తెలిసే చేశాడని రుజువు చేయాలన్న నియమం ఉండనే ఉంది. సొత్తు దాచాడనో, పారిపోబోయాడనో చూపిస్తే అది కాస్తా తీరిపోయేది.

రాతిపని:
పనులు నేర్పారన్న మాట నిజమే, కానీ ఎవరు, ఎప్పుడు నేర్పారు? కొత్తగా వచ్చినవాణ్ని నేరుగా వర్క్‌షాపుకు పంపరు. ముందు కూలి గుంపులో వేసి నేల చదును చేయించడం, మోతపనులు చేయించడం. ఆ తర్వాతే పనిముట్టు చేతికిచ్చేవారు. బడి సాయంత్రం, పని దిగాక. అప్పటికి కుర్రాడికి కళ్లు మూతలు పడుతుంటాయి. మేస్త్రీలలో చాలామంది పెద్దఖైదీలే. పెద్దఖైదీల సావాసం తప్పించడానికే కదా ఈ చోటు పెట్టింది! పైగా సముద్రంలోకి పొడుచుకొచ్చిన ఆ కొమ్ము మీద మంచినీళ్లకు కటకట, నేల చవుడు. 1842 నాటికి పిల్లలు 700 దాటారు. 1843లో తనిఖీకి వచ్చిన బెంజమిన్ హోర్న్ కట్టడాలనూ, చోటునూ, పెద్దఖైదీల పెత్తనాన్నీ తప్పుబట్టాడు.

అసలీ చోటు పుట్టిందే వేరే కారణంతో. వచ్చిన ఖైదీలను ఆసాములకు పనికి అప్పగించడం అప్పటి పద్ధతి. పన్నెండేళ్ల జేబుదొంగ ఏ పొలానికి పనికొస్తాడు? ఎవరూ తీసుకోక అక్కడి ముఖ్యపట్టణం హోబార్ట్‌లో పిల్లలు పోగుపడుతుంటే, గవర్నర్ జార్జ్ ఆర్థర్ వాళ్లను ఇటు తరలించాడు. 1840లో ఆస్ట్రేలియాలోని మరో కాలనీ న్యూ సౌత్ వేల్స్‌కు ఖైదీల రవాణా ఆగిపోయి, ఓడలన్నీ వాన్ డీమెన్స్ ల్యాండ్‌కే తిరిగాయి. అదే సమయంలో అక్కడ వ్యాపారం పడిపోయింది. చెప్పులు కుట్టడం నేర్చుకుని బయటికొచ్చినవాడు ఎవరి చెప్పులు కుట్టాలి?

తీరం:
మధ్యలో ఒక ప్రశ్న. మన అండమాన్‌కు కూడా ఇలా చిల్లర దొంగల్ని పంపారా?

కోర్టుగుమాస్తా:
ఒక్క దొంగతనానికి కుదరదండీ. అండమాన్ కాలనీ 1858 మార్చిలో తిరుగుబాటు ఖైదీలతో మొదలైంది. ఇండియన్ పీనల్ కోడ్ 379 సెక్షన్‌లో మామూలు దొంగతనానికి గరిష్ఠం మూడేళ్లే ఉండేది. జైలుకు బదులు ద్వీపాంతరం వేసే 59వ సెక్షన్ వర్తించాలంటే, ఆ నేరానికి ఏడేళ్లో అంతకు పైనో శిక్ష ఉండాల్సి వచ్చేది. పాత శిక్ష ఉన్నవాడు మళ్లీ దొరికితే 75వ సెక్షన్ కింద యావజ్జీవ ద్వీపాంతరం దాకా వెళ్లే వీలుండేది. ఇక్కడి పిల్లల కోసం 1876లో రిఫార్మేటరీ బడుల (నేరం చేసిన పిల్లల్ని ఉంచి బాగుచేసే బడుల) చట్టం వచ్చింది. మద్రాసు ప్రెసిడెన్సీలో చెంగల్పట్టులో అలాంటి బడి పెట్టారు.

లంగరు:
రాతిపని గారూ, లోపాలు కాదనను. కానీ ఇంగ్లండ్ దగ్గరున్న ప్రత్యామ్నాయం ఏమిటి? 1838లో వైట్ దీవిలో పార్క్‌హర్స్ట్ జైలు తెరిచారు, పిల్లలను అక్కడే బాగుచేస్తామన్నారు. 1842 కల్లా అక్కడి పిల్లల్నీ అప్రెంటిస్‌ల పేరుతో పశ్చిమ ఆస్ట్రేలియాకూ, న్యూజిలాండ్‌లోని ఆక్లండ్‌కూ ఓడ ఎక్కించారు.

రాతిపని:
అదే నేనంటున్నది. ఏ దారి పట్టినా చివరికి ఓడే. ఏడేళ్ల శిక్షవాడికి నాలుగేళ్లకు టికెట్ ఆఫ్ లీవ్ రావచ్చు. దానితో ఆ కాలనీలో కూలి చేసుకోవచ్చు, ఇంటికి మాత్రం పోకూడదు. గడువు తీరాక కూడా తిరుగు ప్రయాణం ఛార్జీ సర్కారు ఇవ్వదు. ముందే తిరిగొస్తే 1834 దాకా ఉరే. కాగితం మీద ఏడేళ్లు, కానీ అమ్మను మళ్లీ చూసే దారి చాలామందికి లేదు.

కోర్టుగుమాస్తా:
ప్రత్యామ్నాయం అడిగారు కాబట్టి: 1847 చట్టంతో 14 ఏళ్లలోపు పిల్లల చిన్న దొంగతనాలు మేజిస్ట్రేట్ల దగ్గరే తేల్చే వీలొచ్చింది. మూడు నెలలకు మించని జైలు, లేదా 3 పౌండ్ల దాకా జరిమానా, మగపిల్లలకు దెబ్బలు. రెండేళ్లకు ప్యూయర్ మూతపడింది.

లంగరు:
మూడు నెలల తర్వాత వాడు మళ్లీ అదే వీధికి, అదే దొంగసొత్తు కొనేవాడి దగ్గరికే కదా!

కోర్టుగుమాస్తా:
అందుకే 1854 చట్టం. 16 ఏళ్లలోపు నేరస్థుడికి కనీసం 14 రోజుల జైలు, ఆపైన 2 నుంచి 5 ఏళ్లు రిఫార్మేటరీ బడి. ఖర్చుకు తల్లిదండ్రుల నుంచి వారానికి 5 షిల్లింగుల దాకా వసూలు చేయొచ్చు.