ఫ్లడ్‌నెట్ ఆర్టా, సర్వర్ మీద దాడా?

స్రవంతి_ఫైన్ఆర్ట్స్:
అందరికీ నమస్తే. హైదరాబాద్‌లో ఫైన్ ఆర్ట్స్ ఫైనల్ ఇయర్ చదువుతున్నా, టెక్నాలజీతో రాజకీయ నిరసన చేసిన ఆర్టిస్టుల మీద పేపర్ రాస్తున్నా. 1998లో ఎలక్ట్రానిక్ డిస్టర్బెన్స్ థియేటర్ అనే ఆర్టిస్టుల గ్రూప్ వాళ్లు మెక్సికోలో ఆదివాసీల హక్కుల కోసం ప్రభుత్వం మీద తిరగబడ్డ జపాటిస్టాలకి సపోర్ట్‌గా ఫ్లడ్‌నెట్ తయారుచేశారు, బ్రౌజర్‌లో తెరిచి పెట్టుకుంటే చాలు దానంతటదే మెక్సికో ప్రెసిడెంట్ వెబ్‌సైట్‌ని కొన్ని సెకన్లకోసారి రీలోడ్ చేస్తూ ఉంటుంది, చాలామంది ఒకేసారి చేస్తే సైట్ నెమ్మదిస్తుంది. మా గైడ్‌గారేమో ఇది ఆర్ట్ కాదమ్మా, దాడి అంటున్నారు. నాకు మనసొప్పట్లేదు. ఎలా వాదించాలి?

మాదాపూర్_కోడర్:
సర్వర్లు చూసుకోవడమే నా ఉద్యోగం కాబట్టి ఆ వైపు నుంచి చెప్తా. సైట్ నెమ్మదించడం అందులో చిన్న విషయం. ఆ సైట్‌లో లేని పేజీని కావాలనే అడిగేవాళ్లు, హ్యూమన్ రైట్స్ అనే పేజీ ఇవ్వమంటే సర్వర్ 404 ఎర్రర్ ఇచ్చి "హ్యూమన్ రైట్స్ ఈ సర్వర్‌లో లేవు" అని తన నోటితో తనే చెప్తుంది. 1997 డిసెంబర్‌లో మెక్సికోలోని ఆక్తెయాల్ ఊళ్లో 45 మందిని చంపేశారు కదా, వాళ్ల పేర్లు కూడా ఇలాగే పంపారు, అంటే దొరకని పేజీల్ని సర్వర్ రాసిపెట్టుకునే ఫైల్, ప్రభుత్వం ఎర్రర్ లాగ్‌లోనే ఆ పేర్లు పడతాయి. లాగ్ ఫైల్ ఎలా ఉంటుందో తెలుసు కదా, ఐపీ అడ్రస్, టైమ్, పక్కన ఏదో ఫైల్ పేరు. అక్కడ చనిపోయిన మనిషి పేరు కనిపిస్తే చదివేవాడి పరిస్థితేంటో ఆలోచించండి. నా దృష్టిలో కచ్చితంగా ఆర్టే.

నల్లకుంట_నాటకం:
చెల్లే, మీ సారు మాటల గూడ జెర పాయింటున్నది. ఇయ్యాల ఇక్కడ గట్ల చేస్తే కేసైతది, ఆ సంగతి పేపర్ల దాచకు. నాకైతే పోలండ్ ఆర్టిస్ట్ వొడిచ్కో చేసిన పని మస్తు ఇష్టం. 1985ల లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్ల నెల్సన్ స్తంభం మీద బొమ్మలేస్తనని పర్మిషన్ తీస్కొని, ప్రొజెక్టర్ పక్కకు తిప్పి సౌతాఫ్రికా ఎంబసీ బిల్డింగ్ మీద హిట్లర్ గుర్తు ఏసిండు. అక్కడ నల్లోళ్లను వేరుపెట్టి తొక్కే అపార్థీడ్ నడుస్తున్న రోజులవి. రెండు గంటలల్ల పోలీసులొచ్చి బంద్ చేపిచ్చిన్రు. గోడకు రంగంటలే, గీత పడలే, అయినా చెప్పాల్సింది చెప్పిండు. మన బుర్రకథల హాస్యం చెప్పే వంత ఒకడు, రాజకీయం చెప్పే వంత ఇంకొకడు ఉంటడు గదా, నవ్వుకుంట కూసున్న జనానికి నడుమల దొరల సంగతి పెట్టేది వాడే. పేపర్ల అది గూడ రాయి, ఇవన్నీ మనకు కొత్తగాదు.

స్రవంతి_ఫైన్ఆర్ట్స్:
థాంక్యూ అన్నా, ఇద్దరికీ. రాజకీయ వంత సంగతి నాకు తట్టనే లేదు, దాని మీద ఒక చాప్టర్ పెడతా. 2015 ఏప్రిల్‌లో మాడ్రిడ్ పార్లమెంట్ ముందు మనుషుల బదులు హోలోగ్రామ్ బొమ్మలతో ఊరేగింపు తీశారు, నిరసనలకి ఫైన్లు వేసే చట్టానికి వ్యతిరేకంగా. అది కూడా వాడుకోవచ్చా?

మాదాపూర్_కోడర్:
తప్పకుండా. దాంట్లో సర్వర్ మీద దాడి లేదు కాబట్టి మీ గైడ్‌గారికి ముందు అదే చూపించండి, ఆ తర్వాత 404 పేజీ.