పోర్ట్ బ్లెయిర్ రేవుకు వచ్చే క్రూయిజ్ నౌకలను ఎక్కడి నుంచి, ఏ వేళలో ఫోటో తీయాలి?

కళింగపట్నం కుర్రాడు:

అందరికీ నమస్కారం. మా చిన్నాన్న గారి కుటుంబం చాలా కాలంగా పోర్ట్ బ్లెయిర్‌లో, అంటే 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం అని పేరు మారిన ఊరిలో, స్థిరపడి ఉంది. డిసెంబరులో నేను అక్కడికి వెళ్తున్నాను. చలికాలంలో విదేశీ క్రూయిజ్ నౌకలు అప్పుడప్పుడు ఆ రేవుకు వస్తాయని చిన్నాన్న చెప్పారు. మా ఊరి లైట్ హౌస్ దగ్గర నిలబడి చూస్తే, దూరంగా పోయే ఓడల పైభాగం మాత్రమే గీతలా కనిపిస్తుంది. కింది భాగం ఎంత పెద్ద లెన్సు పెట్టినా కనిపించదు. అందువల్ల నౌక దగ్గరగా, వెనుక ద్వీపాలతో సహా ఒకే ఫోటోలో పడేలా తీయాలని నా కోరిక. నౌక వచ్చే రోజును ముందుగా ఎలా తెలుసుకోవాలి? ఎక్కడ నిలబడాలి? అది రక్షణ శాఖ స్థావరాలున్న ఊరు కనుక కెమెరా తీస్తే ఇబ్బంది ఏమైనా ఉంటుందా? నా దగ్గర 70-300 లెన్సు ఉంది.

సోంపేట, విశ్రాంత నావికుడు:

బాబూ, ముందు నీ లెన్సు మీద పడిన నింద తొలగిస్తాను. ఇసుక మీద నిలబడిన మనిషి కంటికి దిగంతం దాదాపు 5 కిలోమీటర్ల దూరంలోనే ఉంటుంది. అంతకు ఆవల ఉన్న ఓడ కింది భాగాన్ని భూమి వంపు దాచేస్తుంది కాబట్టి, పరికరం మార్చినా ప్రయోజనం ఉండదు. ఎత్తు పెరగాలి, లేదా ఓడే దగ్గరకు రావాలి.

ఇక రాక సంగతి. ప్రయాణికుల నౌకలు తమ పేరు, స్థానం, వేగం, దిశ తెలిపే ఏఐఎస్ సంకేతాలను నిరంతరం పంపాలన్నది అంతర్జాతీయ నియమం. మెరైన్ ట్రాఫిక్, వెసల్ ఫైండర్ వంటి సైట్లు ఆ సంకేతాలనే పటం మీద చూపుతాయి. అయితే అవి ఎక్కువగా తీరంలోని రిసీవర్ల మీద ఆధారపడతాయి. రేడియో తరంగాలు అంత దూరం అందవు కనుక బంగాళాఖాతం నడుమకు చేరిన నౌక ఉచిత పటంలో మాయమైపోతుంది. కంగారు పడవద్దు, ఒడ్డు దగ్గరపడగానే మళ్లీ కనిపిస్తుంది. గమ్యం పేరును ఓడలోని అధికారి చేత్తో నమోదు చేస్తాడు, పాతది మార్చడం మరచిపోవడమూ ఉంటుంది. కాబట్టి పేరు కంటే దిశను, వేగాన్ని నమ్ము. సమయాలు యూటీసీలో, అంటే అంతర్జాతీయ ప్రామాణిక సమయంలో, చూపిస్తే 5 గంటల 30 నిమిషాలు కలుపుకో.

నన్నడిగితే, జెట్టీకి కట్టేసిన నౌక ఫోటోలో గోడలా ఉంటుంది. అసలు అందం రేవు ముఖద్వారం దగ్గర ఉంది. అక్కడ ఓడ వేగం తగ్గించుకుంటుంది, పైలట్ బోటు పక్కకు చేరుతుంది, పైలట్, అంటే ఓడకు రేవులో దారి చూపే స్థానిక నావికుడు, తాడు నిచ్చెన మీద ఓడ ఎక్కుతాడు. ఆయన ఎక్కాక సగం తెలుపు, సగం ఎరుపు ఉన్న జెండా లేస్తుంది. విదేశీ నౌక అయితే మర్యాదగా మన త్రివర్ణ పతాకాన్ని కూడా ఎగరేస్తుంది. పసుపు జెండా కనిపిస్తే ఆరోగ్య తనిఖీ అనుమతి కోరుతోందని అర్థం. ఒకవేళ నౌక జెట్టీకి రాకుండా బయటే లంగరు వేస్తే, తన చిన్న పడవలను దింపి వాటిలో ప్రయాణికులను ఒడ్డుకు చేరుస్తుంది. ఆ పడవ పక్కన ఉన్నప్పుడే నౌక ఎంత పెద్దదో చూసేవారికి తెలుస్తుంది.

టెక్కలి మూలాలు, ప్రస్తుతం పోర్ట్ బ్లెయిర్:

తమ్ముడూ, ఇక్కడ విమానాశ్రయం, ప్రభుత్వ డాక్‌యార్డు, రక్షణ స్థావరాలు, ఛాథమ్ రంపపు మిల్లు వంటి చోట్ల ఫోటోలు నిషిద్ధం. పెద్ద నౌకలు వచ్చి ఆగే హడ్డో జెట్టీ లోపలి వైపు, ఛాథమ్‌కు దగ్గరలోనే ఉంటుంది. కాబట్టి అక్కడ కెమెరా బయటకు తీసే ఆలోచన పెట్టుకోకు. నేవీ ఓడ నీ ఫ్రేములోకి వస్తే కెమెరా దించేయి. డ్రోను అసలు తేవద్దు. భద్రతా సిబ్బంది వద్దంటే వాదించకుండా పక్కకు రావడమే మేలు. రూలు పుస్తకం మనం వారికి చదివి వినిపించలేము.

నిలబడడానికి మెరీనా పార్కు ఒడ్డు నాకు అన్నిటికంటే నచ్చుతుంది. ఎదురుగా రాస్ ద్వీపం (2018 చివరి నుంచి నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీపం), ఎడమ వైపు దూరంగా నార్త్ బే లైట్ హౌస్ ఉంటాయి. పాత ఇరవై రూపాయల నోటు వెనుక కొబ్బరి చెట్ల మధ్య కనిపించేది ఆ నార్త్ బే దృశ్యమే. అది మౌంట్ హారియట్, ఇప్పటి మౌంట్ మణిపూర్, మీద నుంచి చూసిన దృశ్యం. కొండ మీదికి వెళ్తే నౌక, ద్వీపం రెండూ ఒకే చట్రంలో ఇముడుతాయి గాని, దూరం వల్ల తేమ పొర అడ్డుపడి మధ్యాహ్నం ఫోటోలు పాలిపోతాయి.

వెలుగు విషయంలో మన జిల్లా లెక్కలు ఇక్కడ పనికిరావు. ఈ ఊరు శ్రీకాకుళానికి దాదాపు 9 డిగ్రీలు తూర్పున ఉంది. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున సూర్యుడు ఇక్కడ అరగంటకు పైగా ముందే నడినెత్తికి వస్తాడు, గడియారం మాత్రం అదే. డిసెంబరులో సాయంత్రం 5 గంటల ప్రాంతంలోనే పొద్దు గుంకుతుంది. మెరీనా పార్కు తూర్పు ముఖంగా ఉండడం వల్ల ఉదయం వచ్చే నౌక ఎదురెండలో నల్లని ఆకారంగా కనిపిస్తుంది. మధ్యాహ్నం 3 దాటాక బయలుదేరే నౌక మీద మాత్రం నీ వెనుక నుంచి ఎండ పడుతుంది. రాకనూ పోకనూ రెండింటినీ చూడు, కాని రంగులున్న ఫోటో కావాలంటే పోకనే నమ్ముకో.

విజయనగరం ఫోటోగ్రాఫర్:

లెన్సు చాలు. తెల్లని ఓడ, ముదురు నీలి సముద్రం కలిసి ఉన్నప్పుడు కెమెరా మీటరు మోసపోతుంది. నీరు ఎక్కువగా ఉన్న ఫ్రేములో ఓడ తెలుపు వెలిసిపోతుంది కాబట్టి ఎక్స్‌పోజరును కొంచెం తగ్గించండి. ఓడ ఫ్రేమంతా నిండితే కొంచెం పెంచండి. రా (RAW) ఫైలులో, అంటే కెమెరా కుదించని ముడి రూపంలో, తీస్తే సర్దుకునే అవకాశం మిగులుతుంది. పోలరైజర్ ఫిల్టరు నీటి మెరుపును తగ్గిస్తుంది గాని, వెలుగును కూడా తినేస్తుంది. సాయంత్రం దాన్ని తీసేయండి. 300 దగ్గర షట్టరు వేగం 1/500 కంటే తగ్గనివ్వకండి. దిగంతం వాలకుండా చూసుకోండి, సముద్రం మీద ఒక్క డిగ్రీ తేడా కూడా దాగదు.

కళింగపట్నం కుర్రాడు:

అందరికీ కృతజ్ఞతలు. అన్నా, నేను ఉన్నన్నాళ్లలో క్రూయిజ్ నౌక ఒక్కటీ రాకపోతే ఏమి చేయాలి?

టెక్కలి మూలాలు, ప్రస్తుతం పోర్ట్ బ్లెయిర్:

విశాఖ, చెన్నై, కోల్‌కతాల నుంచి వచ్చే ప్రయాణికుల ఓడలు ఉన్నాయి కదా. అవి కూడా ఆ ముఖద్వారం గుండానే వస్తాయి. స్వరాజ్ ద్వీప్‌కు (పాత పేరు హేవ్‌లాక్) వెళ్లే ఫెర్రీలైతే రోజూ తిరుగుతాయి. చిన్నాన్న గారింట్లో దిగాక ఇక్కడే సందేశం పెట్టు, విశాఖ ఓడ ఎప్పుడు వస్తుందో కనుక్కుని చెబుతాను.