ఖాళీ జాగాలో చిట్టడవా, రోడ్డు వెంట నీడ చెట్లా?

చిగురు: పట్టణంలో 400 చదరపు మీటర్ల ఖాళీ జాగా, పక్కనే జనం నడిచే రోడ్డు ఉన్నాయి. జాగాలో మియావాకి పద్ధతిలో చిట్టడవి పెంచాలా, లేక ఆ డబ్బుతో రోడ్డుకి రెండు వైపులా చెట్లు నాటాలా? రెండింటికీ నిధులు చాలవు.

పొదరిల్లు: చిట్టడవే మేలు. జపాన్ వృక్షశాస్త్రవేత్త అకీరా మియావాకి పద్ధతిలో చదరపు మీటరుకు 3–4 మొక్కలు, అంటే 1,200 నుంచి 1,600. అన్నీ స్థానిక జాతులే: పొదలు, చిన్న చెట్లు, పెద్ద చెట్లు కలగలిపి. నేలను మీటరు లోతు గుల్లచేసి, బాగా చివికిన ఎరువు, ఊక కలిపి, పైన ఎండుగడ్డి పరవాలి. రెండు మూడేళ్లు నీళ్లు పెట్టి కలుపు తీస్తే తర్వాత దానంతటదే పెరుగుతుంది. పిట్టలకీ పురుగులకీ గుబురు కావాలి. రోడ్డు వెంట వరసలో అది దొరకదు.

నీడపట్టు: మరి నడిచేవాళ్లకి నీడేదండీ? అంత ఒత్తుగా నాటితే మొక్కలు వెలుతురు కోసం పైకే సాగుతాయి, కొమ్మలు చాచవు. నీడంతా కంచె లోపలే. ఎండలో బస్సు కోసం నిలబడే మనిషికి దానివల్ల ఒరిగేదేమిటి? పైగా పోటీలో చాలా మొక్కలు చచ్చిపోతాయి.

పొదరిల్లు: చచ్చేవి లెక్కలో ఉన్నవేనండీ. అవి కుళ్లి ఆ నేలకే ఎరువవుతాయి. నీడ మాట మాత్రం నిజమే.

గుల్లమట్టి: ముందు మట్టి లెక్క చూడండి. రోడ్డు పక్కన మీటరు పొడవు, వెడల్పు, లోతు గుంత తీస్తే చెట్టుకి దక్కేది 1 ఘనమీటరు. కొమ్మలు 10 మీటర్ల వెడల్పున గొడుగులా పరుచుకున్న చెట్టు కిందకి సుమారు 78 చదరపు మీటర్లు వస్తుంది. వాడుకలో ఉన్న లెక్క ప్రకారం గొడుగు కింద చదరపు మీటరుకు 0.3–0.6 ఘనమీటర్ల గుల్ల మట్టి కావాలి, అంటే ఆ చెట్టుకి 24 నుంచి 47 ఘనమీటర్లు. చుట్టూ రోలరు తొక్కిన నేలలోకి వేరు దిగదు. చెట్టు కొన్నాళ్లు బాగానే కనిపించి గిడసబారిపోతుంది, లేదా వేర్లు పైకి తేలి కాలిబాట పలకల్ని లేపుతాయి.

స్వీడన్‌లోని స్టాక్‌హోంలో కాలిబాట కిందే 100–150 మిల్లీమీటర్ల రాళ్లు దట్టించి, సందుల్లోకి నీళ్లతో మట్టిని దించుతారు. బరువు రాళ్లు మోస్తాయి, వేర్లు సందుల్లో పాకుతాయి. మీ రోడ్డుని అలా తవ్వనిస్తేనే వీధి చెట్లు. వట్టి గుంతలకైతే నిధులు పెట్టొద్దు. అప్పుడు జాగాలోనే రోడ్డు వైపు 6 మీటర్ల పట్టీ వదిలి, 8 మీటర్లకొకటి చొప్పున గొడుగు చెట్లు నాటండి. కొమ్మలు రోడ్డు మీదికి వస్తాయి. చిట్టడవి వాటి వెనక.

చిగురు: తవ్వనివ్వరు. పట్టీయే పెడతాం. మాది బంకమట్టి, జాగ్రత్తలేమిటి?

గుల్లమట్టి: తడి మీద యంత్రంతో తవ్వితే గుంత గోడలు నున్నగా మూసుకుపోతాయి, నీళ్లు కుండలోలా నిలుస్తాయి. గోడల్ని గడ్డపారతో గరుకు చేయండి. నాటే ముందు 30 సెంటీమీటర్ల గుంతలో నీళ్లు నింపి చూడండి; గంటకి సెంటీమీటరు కూడా ఇంకకపోతే ముందు నీరు బయటికి పోయే దారి చేయాలి. సంచిలో చుట్ట తిరిగిన వేర్లని కోసేయండి, లేకపోతే అవే తర్వాత మానుని బిగిస్తాయి. వేర్లు మొదలయ్యే చోటు నేల మట్టానికి కాస్త పైనే ఉండాలి, ఎందుకంటే గుల్ల మట్టి కుంగుతుంది. ఎండుగడ్డి మొదలుకి జానెడు దూరంలో ఆపండి.