గిలెటిన్: యంత్రం కంటే ముందు పుట్టిన పేరు

సబ్ఎడిటర్:
మా పత్రిక డెస్కులో చిన్న గొడవ. లోక్‌సభలో బడ్జెట్ పద్దులన్నీ చర్చ లేకుండా ఒకేసారి ఆమోదించారన్న పాత వార్త ఒకటి సంవత్సర సంచికకి తిరగరాస్తూ "పద్దులకు గిలెటిన్" అని హెడ్డింగ్ పెట్టాను. సీనియర్ ఒకాయన కొట్టేసి "చర్చకు శిరచ్ఛేదం" అని మార్చారు. పైగా "గిలెటిన్ అనేవాడు ఆ తల నరికే మిషన్ కనిపెట్టి చివరికి దాని కిందే పోయాడు, తెలుసా?" అని క్లాసు పీకారు. ఏది ఒప్పు? స్పెల్లింగ్ కూడా చెప్పండి. గిలెటినా, గిల్లెటినా, గిలోటినా?

పాతప్రూఫులు:
శిరస్సు, ఛేదం కలిస్తే శిరశ్ఛేదం అవుతుందండీ. శిరచ్ఛేదం వాడుకలో పాతుకుపోయింది కాబట్టి నేను గొడవపడను. కానీ మీ సీనియర్ చెప్పిన కథతో మాత్రం గొడవపడతాను. ఆయన ఆ మిషన్ కనిపెట్టనూ లేదు, దాని కింద పోనూ లేదు.

మనిషి పేరు జోసెఫ్ ఇగ్నాస్ గియొతాన్. చివరి నకారాన్ని ఫ్రెంచివాళ్లు ముక్కులోనే మింగేస్తారు. 1738లో సెంత్ అనే ఊళ్లో పుట్టాడు. కొన్నాళ్లు మతసంఘం కాలేజీలో పాఠాలు చెప్పి, అది వదిలేసి వైద్యం చదివి, పారిస్‌లో డాక్టరుగా స్థిరపడ్డాడు. మంచి పేరున్న డాక్టరే. 1784లో మెస్మర్ అనే ఆయన అయస్కాంత శక్తితో రోగాలు నయం చేస్తానని పారిస్‌ని ఊపేస్తుంటే, అందులో నిజమెంతో తేల్చమని రాజు ఒక కమిషన్ వేశాడు. అందులో బెంజమిన్ ఫ్రాంక్లిన్, లవోజియే లాంటి ఉద్దండుల పక్కన ఈయనకీ కుర్చీ దక్కింది.

రాజకీయాల్లోకి తెచ్చింది ఒక కరపత్రం. 1788 డిసెంబరులో, రాజు పిలవబోతున్న ప్రతినిధుల సభలో సామాన్యుల వర్గానికి ప్రతినిధులు పెరగాలని విజ్ఞాపన రాసి అచ్చు వేయించాడు. పారిస్ న్యాయస్థానం పిలిపించి సంజాయిషీ అడిగింది. పిలిపించడమే ఆయనకి కలిసొచ్చింది. జనంలో పేరు మోగిపోయి, ఫ్రెంచి విప్లవం మొదలైన 1789లో పారిస్ ప్రతినిధిగా సభలో అడుగుపెట్టాడు.

ఆ జూన్ 20 ఉదయం వెర్సాయ్‌లో సభ్యులు వచ్చేసరికి హాలు తలుపులు మూసేసి ఉన్నాయి. బయట వాన. ఎక్కడికి పోవాలో తెలియక నిలబడితే, దగ్గర్లో బంతాట ఆడే పెద్ద షెడ్డు ఉంది, అక్కడికి పోదామన్నది గియొతానే. రాజ్యాంగం రాసేదాకా విడిపోమని సభ్యులు ఒట్టేసిన టెన్నిస్ కోర్టు ప్రతిజ్ఞ అని స్కూల్లో చదువుకున్నాం చూడండి, ఆ కోర్టు అదే. చరిత్ర న్యాయంగా నడిస్తే ఆయన్ని గుర్తు పెట్టుకోవాల్సింది దానికి.

పదాలపొలం:
మరి కత్తి ఆయన మెడకి ఎలా చుట్టుకుంది?

పాతప్రూఫులు:
ఒక్క నోటి దురుసు మాట వల్ల. అప్పటి ఫ్రాన్స్‌లో చావులోనూ అంతస్తులుండేవి. ప్రభువులకి కత్తివేటు, సామాన్యుడికి ఉరి, కొన్ని నేరాలకి చక్రానికి కట్టి ఎముకలు విరగ్గొట్టడం. 1789 అక్టోబరు 10న గియొతాన్ సభలో ఆరు ప్రతిపాదనలు పెట్టాడు. నేరం ఒకటైతే మనిషి ఎవరైనా శిక్ష ఒకటే ఉండాలి. నేరస్థుడి అవమానం కుటుంబానికి అంటకూడదు. ఆస్తి జప్తు చేయకూడదు. అడిగితే శవాన్ని ఇంటివాళ్లకి ఇవ్వాలి. ఇలాంటివే ఎక్కువ. తల తీసేది మనిషి చేత్తో కాకుండా ఒక సాధారణ యంత్రంతో తీయాలన్నది వాటిలో ఒకటి, అంతే.

డిసెంబరు 1న దాని గురించి మాట్లాడుతూ ఉత్సాహం ఆపుకోలేక, "నా యంత్రంతో రెప్పపాటులో మీ తల ఎగరగొడతాను, మీకు నొప్పే తెలియదు" అన్నాడని పత్రికల్లో వచ్చింది. సభంతా నవ్వులు. రాజు పక్షం పత్రిక ఒకటి దాని మీద వెటకారంగా పాట కట్టి, ఆ లేని యంత్రానికి ఆయన పేరే తగిలించింది. అప్పటికి యంత్రం లేదు, బొమ్మ గీసినవాడూ లేడు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అంటారే, అచ్చం అదే. కాకపోతే ఇక్కడ కొడుకు నిజంగానే పుట్టాడు, రెండేళ్లు దాటాక.

కుటుంబానికి మచ్చ అంటకూడదు, జప్తు కూడదు అన్నవాటిని సభ 1790 జనవరి 21న శాసనం చేసింది. సరిగ్గా మూడేళ్లకి, 1793 జనవరి 21న, రాజు పదహారో లూయీ తల ఆ యంత్రం కత్తి కిందే తెగింది. యంత్రం ప్లాను వేసింది శస్త్రవైద్యుల అకాడమీ కార్యదర్శి ఆంత్వాన్ లూయీ. తయారుచేసింది తొబియాస్ ష్మిట్ అనే జర్మన్. ఆయన అసలు వృత్తి హార్ప్సికార్డ్ అనే సంగీత వాయిద్యాలు చేయడం. తంత్రులు బిగించే చేతులే తాళ్లు బిగించాయన్నమాట. 1792 ఏప్రిల్ 25న పెలెతియే అనే దారిదోపిడీ దొంగతో పని మొదలైంది. చూడటానికి ఎగబడ్డ జనం ఇంత తొందరగా అయిపోయిందేమిటని పెదవి విరిచారట.

మొదట్లో ప్లాను వేసిన ఆంత్వాన్ లూయీ పేరు మీద "లూయిజెత్" అని కూడా పిలిచారు. అది నిలవలేదు. ప్లాను లూయీది, పనితనం ష్మిట్‌ది, చెడ్డపేరు మాత్రం గియొతాన్‌ది. ఈ రకం యంత్రాలు స్కాట్లండ్‌లో, ఇంగ్లండ్‌లో అంతకుముందే ఉండేవి కాబట్టి కనిపెట్టారనే మాట వీళ్లలో ఎవరికీ పూర్తిగా చెల్లదు.

పదాలపొలం:
మనిషి గియొతాన్, యంత్రం గియొతీన్. ఆ తేడా ఎక్కడిది?

పాతప్రూఫులు:
ఫ్రెంచిలో యంత్రం అనే మాట స్త్రీలింగం. ఆయన పేరు చివర ఇంకో అక్షరం చేర్చి ఆడపేరు చేశారు. ఇంగ్లీషు దాన్ని తన పలుకుబడిలోకి లాక్కుంది, మనం ఇంగ్లీషు నుంచి తెచ్చుకున్నాం. కాబట్టి గియొతీన్ అని ఫ్రెంచి ఉచ్చారణ కోసం ఇప్పుడు పాకులాడక్కర్లేదు. పత్రికలు ఏళ్లుగా రాస్తున్న గిలెటిన్ చాలు. ఒక్క పేజీలో రెండు రకాలు రాయకపోతే అదే పదివేలు.

కొత్తగొంతు:
ఇంతకీ ఆయన మరణశిక్షకి అనుకూలమేనా?

పాతప్రూఫులు:
కాదు. అసలు మరణశిక్షే ఉండకూడదన్నది ఆయన అభిప్రాయం. ఉన్నన్నాళ్లు చిత్రహింస లేకుండా, అందరికీ ఒకేలా ఉండాలన్నాడు. ఎంతోమందిని ఆ కత్తికి బలిచ్చిన కాలంలో ఆయనా జైలుపాలయ్యాడు. 1794లో ఆ మారణకాండ నడిపిన నాయకుడు రోబెస్పియేర్ కూలాక బయటపడ్డాడు. తర్వాత రాజకీయాల జోలికి పోకుండా మశూచి టీకాలు ఊరూరా చేరాలని తిరిగాడు. 1814 మార్చి 26న పారిస్‌లో జబ్బుచేసి పోయాడు. లియోన్‌లో అదే ఇంటిపేరున్న ఇంకో డాక్టరుకి గిలెటిన్ శిక్ష పడింది. మీ సీనియర్ కథ అక్కడ కలగాపులగమై ఉంటుంది. ఫ్రాన్స్‌లో ఆ కత్తి చివరిసారి పడింది 1977 సెప్టెంబరులో, మార్సెయ్ జైల్లో. 1981లో న్యాయమంత్రి రోబెర్ బదాంతెర్ పట్టుబట్టి మరణశిక్షే రద్దు చేయించాడు. గియొతాన్ కోరుకున్నది నెరవేరడానికి దాదాపు రెండు వందల ఏళ్లు పట్టింది.

సబ్ఎడిటర్:
మరి నా హెడ్డింగ్ సంగతి?

పాతప్రూఫులు:
మీ మాటే ఉంచండి, కాస్త మార్చి. సభలో గిలెటిన్ అంటే చర్చని గడువు పెట్టి కోసేయడం. బ్రిటిష్ పార్లమెంటు 1887లో మొదలుపెట్టింది, మనకి వారసత్వంగా వచ్చింది. చర్చకి నోచుకోని పద్దులన్నిటినీ చివరి రోజు స్పీకర్ ఒక్కసారే ఓటుకి పెడతారు. 2018 మార్చి 14 గుర్తుందా? ప్రత్యేక హోదా కోసం మన ఎంపీలు, వేరే డిమాండ్లతో మిగతావాళ్లు వెల్‌లో, అంటే స్పీకర్ ముందున్న ఖాళీ చోట, అరుస్తుంటే, బడ్జెట్ మొత్తం అరగంటలో చర్చ లేకుండా అయిపోయింది. ఆ రోజు తెగింది చర్చ. పద్దులు నిక్షేపంగా పాసయ్యాయి. అందుకని "పద్దులకు గిలెటిన్" కంటే "గిలెటిన్‌తో పద్దులకు ఆమోదం" అంటే అర్థం చెడదు. శిరశ్ఛేదం అని రాస్తే సభాపరిభాష తెలిసినవాడు కూడా తికమకపడతాడు.

కొత్తగొంతు:
సిలౌట్, అదే నల్లటి నీడబొమ్మని పిలిచే మాట, అది కూడా ఎవరో ఫ్రెంచి మంత్రి పేరేనటగా?

పాతప్రూఫులు:
అవును. ఎతియెన్ ద సిలువెత్, 1759లో ఆర్థిక శాఖ చూశాడు, ఎనిమిది నెలల్లో ఊడింది. డబ్బున్నవాళ్ల మీద పన్ను వేయబోయి వెటకారాల పాలయ్యాడు. దానికి వేరే పోస్టు పెట్టండి, ఇందులో కలిపితే తర్వాత వెతుక్కోలేం.