నాన్న ల్యాప్‌టాప్‌కు ఎస్ఎస్‌డీ వేయించాలా, మళ్లీ హార్డ్ డిస్కేనా?

పుష్పగిరి_పిల్ల
నాన్నగారు కడపలో ఏడురోడ్ల దగ్గర ఇరవై ఏళ్లుగా డీటీపీ చేస్తున్నారు. పెళ్లికార్డులు, కరపత్రాలు, బిల్లు పుస్తకాలు. ల్యాప్‌టాప్ 2014లో కొన్నది. నాలుగో తరం ఐ3, 500 జీబీ హార్డ్ డిస్క్. వారం నుంచి ఆన్ చేస్తే టక్ టక్ మని చప్పుడు. విండోస్ రావడానికి ఇరవై నిమిషాలు పడుతోంది. రెండు షాపుల్లో అడిగారు. ఒకరు 256 జీబీ ఎస్ఎస్‌డీ (తిరిగే పళ్లెం లేకుండా చిప్పుల్లో ఫైళ్లు దాచే డ్రైవ్) వేస్తామన్నారు. ఇంకొకరు కొంచెం అటూ ఇటూగా అదే డబ్బుకు 1 టీబీ హార్డ్ డిస్క్ వేస్తామన్నారు. నేను బెంగళూరులో ఉన్నాను. ఫోన్లో ఆయనకు ఏం చెప్పాలి?

స్క్రూడ్రైవర్_కర్నూలు
ఎస్ఎస్‌డీనే అమ్మా, రెండో ఆలోచన వద్దు. బురుజు దగ్గర పద్నాలుగేళ్లుగా ల్యాప్‌టాప్‌లు విప్పుతాండా. 2014 మిషన్లకు ప్రాణం లేచొచ్చేది ఈ ఒక్క పనితోనే. హార్డ్ డిస్క్ నిమిషానికి 5400 సార్లు తిరుగుతా ఉంటే, దాని మీద హెడ్డు అటూ ఇటూ పరిగెత్తి ఫైళ్లు ఏరుకోవాల. పెద్ద ఫైలు ఒకటే చదివితే సెకనుకు 100 ఎంబీ ఇస్తాది. విండోస్ లేచేటప్పుడు అడిగేవి వేల చిల్లర ఫైళ్లు, వాటి దగ్గర 1 ఎంబీకి పడిపోతాది. ఎస్ఎస్‌డీలో తిరిగేదే లేదు. సాటా అని మీ పాత డిస్కుకు ఉండే కనెక్షనే, దాని మీద సెకనుకు 500 ఎంబీ దాకా వస్తాది. ఇరవై నిమిషాలు పట్టేది అర నిమిషంలో అయిపోతాది.

ఎర్రమల
ఎస్ఎస్‌డీ. ర్యామ్ కూడా 8 జీబీ చేయించండి.

స్టూడియోఅన్న_అనంత
అందరూ ఎస్ఎస్‌డీ ఎస్ఎస్‌డీ అంటాండారు. నా మాట కూడా విను పాపా. అనంతపురంలో పెళ్లిళ్ల ఫోటోలు తీసే పని నాది. 2021లో నా ల్యాప్‌టాప్‌లో ఎస్ఎస్‌డీ వేయించుకున్నా. పద్నాలుగు నెలలు బాగానే పనిచేసినాది. తాడిపత్రి పెళ్లి ఒకటి ఎడిటింగ్ చేసి రాత్రి మూసి పడుకున్నా. పొద్దున తెరిస్తే డ్రైవే కనపడలేదు. చప్పుడు లేదు, నెమ్మది కావడం లేదు, ముందురోజు ఒక్క గుర్తు లేదు. డ్రైవ్‌ను నడిపించే కంట్రోలర్ చిప్పు పోయినాదంట. ఏమీ తీయలేమన్నారు. హార్డ్ డిస్క్ చాలావరకు అట్ల చేయదు. మీ నాన్నగారిది చూడు, వారం నుంచి టక్ టక్ మని చెప్తా ఉండాది కదా. హెడ్డు పోయినా దుమ్ము లేని క్లీన్ రూమ్‌లో విప్పి, అదే మోడల్ డిస్కు నుంచి హెడ్డు తెచ్చి మార్చి డేటా తీసేవాళ్లు ఉండారు. 1 టీబీ హార్డ్ డిస్కే వేయించు.

స్క్రూడ్రైవర్_కర్నూలు
అన్నా, టక్ టక్ వచ్చిందంటే చెప్పడం కాదు, సగం చచ్చిపోయిందని అర్థం. హెడ్డు తన చోటు దొరక్క గోడకేసి కొట్టుకుంటాంది. అసలు ముందుగా చెప్పేది స్మార్ట్ రిపోర్టు, అంటే డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్క. రీఅలొకేటెడ్ సెక్టార్లు (చెడిపోతే మార్చేసిన చోట్లు), పెండింగ్ సెక్టార్లు (అనుమానంగా ఉన్న చోట్లు) అని రెండు అంకెలు ఉంటాయి. అవి సున్నా దాటి పెరుగుతా ఉంటే అప్పుడే కాపీ తీసుకోవాల. ఎంతమంది చూస్తారు? ఇంకో మాట. ఇప్పుడు దొరికే 2.5 అంగుళాల 1 టీబీ హార్డ్ డిస్కులు చాలావరకు ఎస్ఎంఆర్ రకం. పెంకుటింటి మీద పెంకుల మాదిరి ఒక ట్రాకు మీద ఇంకో ట్రాకు కొంచెం ఎక్కి ఉంటాది. ఒకచోట దిద్దాలంటే పక్కవన్నీ మళ్లీ రాయాల. అందుకే పెద్ద కాపీ పెట్టినప్పుడు నీళ్లు నమిలినట్టు ఆగి ఆగి పోతాది. పాత 500 కన్నా కొత్త 1 టీబీ నెమ్మది అని ఎంతమంది నా దగ్గరికి తిరిగొచ్చినారో.

పాతఫైల్
ముందు నాకు జరిగిన మోసం చెప్పాలి. 1 టీబీ అని బిల్లు రాసి, ఇంటికొచ్చి చూస్తే 931 జీబీ ఉంది. 69 జీబీ ఏమైంది? షాపతను అది కంపెనీ లెక్క అన్నాడు. ఆ అమ్మాయి కూడా జాగ్రత్తగా చూసుకోవాలి.

జేఎన్‌టీయూ_వెనకబెంచి
అది మోసం కాదు సార్. తయారుచేసేవాళ్లు వెయ్యి లెక్కన కొలుస్తారు, విండోస్ 1024 లెక్కన చూపిస్తుంది. 500 అయితే 465 కనిపిస్తుంది. అందరికీ అంతే.

అక్కా, ఆ కాలం ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి కడ్డీ లాంటి ఎస్ఎస్‌డీలు గుచ్చే ఎం.2 స్లాటు ఉండదు. కాబట్టి 2.5 అంగుళాల సాటా ఎస్ఎస్‌డీ అని అడగాలి. సన్నటి కడ్డీ లాంటి ఎన్‌వీఎంఈ కొంటే అది పట్టదు. పాత డిస్కు మందం చూడండి, 7 మిల్లీమీటర్లా, 9.5 మిల్లీమీటర్లా అని. ఎస్ఎస్‌డీ 7 ఉంటుంది. 9.5 గూట్లో వదులుగా ఊగుతుంది, చిన్న స్పేసర్ పెట్టించాలి. సీడీ డ్రైవ్ ఉంటే దాన్ని తీసి ఆ గూట్లో క్యాడీ (డిస్కు పట్టే చట్రం) పెట్టి రెండో డ్రైవ్ కూడా వేసుకోవచ్చు. క్యాడీలు 9.5, 12.7 అని రెండు సైజులు. కొలిచి కొనండి.

పాతఫైల్
వెయ్యి అయినా 1024 అయినా నేను డబ్బు ఇచ్చింది 1 టీబీకి.

స్టూడియోఅన్న_అనంత
మందాల సంగతి తర్వాత. ఎండ సంగతి ఎవరూ మాట్లాడరే. ఎస్ఎస్‌డీలో డేటా అంటే కణాల్లో పట్టి ఉంచిన ఛార్జి. కరెంటు లేకుండా పక్కన పెడితే మెల్లగా కారిపోతాది, వేడిలో ఇంకా తొందరగా. మామూలు ఎస్ఎస్‌డీకి పరిశ్రమ పెట్టుకున్న ప్రమాణమే 30 డిగ్రీల దగ్గర ఒక ఏడాది. మే నెలలో అనంతపురంలో, కడపలో మూసిన ఇంట్లో 30 డిగ్రీలు యాడుండాదప్పా? బయట 42, 43. నేను అటక మీద పెట్టిన హార్డ్ డిస్కులు పదేళ్ల తర్వాత తిరిగినాయి. ఇంకోటి, ఎస్ఎస్‌డీలో ట్రిమ్ అనేది ఉంటాది, ఫైలు చెరిపితే ఆ చోటును డ్రైవే నిజంగా ఖాళీ చేసేస్తాది. పొరపాటున చెరిపినా దాదాపు వెనక్కి రాదు. హార్డ్ డిస్క్‌లో అయితే సాఫ్ట్‌వేర్ పెట్టి లాగొచ్చు.

స్క్రూడ్రైవర్_కర్నూలు
ట్రిమ్ మాట నిజమే, ఒప్పుకుంటా. ఆ ఒక్క ఏడాది లెక్క మాత్రం సగమే చెప్తాండావ్. అది రాయగలిగినంతా రాసి అరిగిపోయిన డ్రైవ్‌కు పెట్టిన లెక్క. కొత్తదానికి కాదు. చవక 240 జీబీ వాటికే 80 టీబీ దాకా రాసుకోవచ్చని గ్యారంటీ ఇస్తారు. డీటీపీ పని రోజుకు 10 జీబీ రాసినా 8000 రోజులు పడతాది, అంటే ఇరవై ఏళ్ల పైమాట. పైగా ఆయన రోజూ ఆన్ చేసే మిషన్ అది, అటక మీద పెట్టేది కాదు. ఎండ ఎండ అంటావే, ల్యాప్‌టాప్ హార్డ్ డిస్క్‌కు కూడా 60 డిగ్రీలే హద్దు. నీ డ్రైవ్ పోయినాదని లోకంలో ఎస్ఎస్‌డీలన్నీ పోతాయా? నీ తాడిపత్రి పెళ్లికి రెండో కాపీ యాడ? అది చెప్పు ముందు.

నల్లరేగడి
మా ఆలూరు వైపు కరెంటు పోయి వస్తుంటుంది. రాసే సమయంలో కరెంటు పోతే ఏదైనా చెడుతుంది. ముందు ల్యాప్‌టాప్ బ్యాటరీ మార్చమనండి. పదేళ్ల బ్యాటరీ నిలవదు.

పుష్పగిరి_పిల్ల
నాన్నతో మాట్లాడాను. ఆయనకు వేగం గురించి పెద్దగా పట్టింపు లేదు. ఫైళ్లన్నీ పాత ఫాంట్లలో ఉన్నాయట, యూనికోడ్ కాదు. ఆ ఫాంట్ సాఫ్ట్‌వేర్ లేకపోతే అక్షరాలన్నీ పిచ్చి గీతలుగా కనిపిస్తాయి. అది ఆ విండోస్‌లోనే ఉంది, దాని సీడీ లేదు. ఇంకో సంగతి, ఎస్ఎస్‌డీ వేస్తామన్న షాపతను పాత డిస్కు వాళ్లకు వదిలేస్తే మూడు వందలు తగ్గిస్తాడట. నాన్న సరే అన్నారు. రేపు డిస్కు వాళ్లకు ఇస్తారు.

స్టూడియోఅన్న_అనంత
ఇయ్యొద్దు! ఇప్పుడే ఫోన్ చేసి చెప్పు. పాత డిస్కు చేతిలోంచి పోనీయొద్దు.

రెండో కాపీ యాడ అని అడిగినావే తమ్ముడూ, విను. నాకు ఎస్ఎస్‌డీ వేసినోడు పాత హార్డ్ డిస్క్ తీసి డేటా ఎక్కించినా అన్నాడు. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ ఎక్కించినాడు. డి డ్రైవ్‌లో ఒక ఫోల్డరు వదిలేసినాడు. మా అమ్మ గొబ్బి పాటలు పాడుతుంటే నేను తీసుకున్న వీడియోలు దాంట్లో ఉండాయి. నాకు తెలిసేసరికి మూడు నెలలు. పోయి అడిగితే, పాతవి అన్నీ పాతసామాన్లోనికి వేసేసినామన్నా, నువ్వు అడగలేదు కదా అన్నాడు. అమ్మ అప్పటికే లేదు. నేను అడగలేదంట. నా వస్తువును వాడు అమ్ముకోవడానికి నేను వద్దని చెప్పాలంట. మీ రిపేరు షాపులోళ్లందరూ అంతే.

స్క్రూడ్రైవర్_కర్నూలు
అమ్మ సంగతి విని బాధయింది అన్నా. గానీ అందరూ అంతే అనొద్దు. నా కడుపు కూడా మండుతాది. నా దగ్గరికి చచ్చిపోయిన డిస్కు తెచ్చి, దాంట్లో పాప పుట్టినప్పటి ఫోటోలు నువ్వే పోగొట్టినావని షాపు ముందర గొడవ చేసినారు. కూలి ఇయ్యలేదు. చుట్టుపక్కల నాలుగు షాపులకు చెప్పినారు. అప్పటి నుంచి డిస్కు చేతికి తీసుకునేటప్పుడే చీటీ మీద రాస్తా, చదువుతాందా లేదా అని. పాతది స్టాటిక్ కరెంటు తగలకుండా కాపాడే స్టాటిక్ కవర్లో పెట్టి ఇస్తా. తీసుకుపోరు! చెత్త నాకెందుకు అంటారు. నా టేబుల్ కింద సొరుగులో నలభై దాకా డిస్కులు ఉండాయి. పారేయలేను, ఎవరి బ్యాంకు కాగితాలు ఉంటాయో. చెరపలేను, రేపు వచ్చి అడిగితే? ఎన్నేళ్లు పెట్టుకోవాల చెప్పు. మీరు ఎస్ఎస్‌డీ ధర గురించి గంట బేరమాడతారు. పాత డిస్కు గురించి ఒక్క మాట అడగరు.

స్టూడియోఅన్న_అనంత
అడగకపోతే నువ్వే చెప్పాల. డాక్టరు దగ్గర రోగి అన్నీ అడుగుతాడా?

స్క్రూడ్రైవర్_కర్నూలు
చెప్తాండా అంటాండా కదా. వినరు.

పాతఫైల్
నా పాత డిస్కు కూడా షాపులోనే ఉండిపోయింది. ఆరు నెలలైంది. రేపు పోయి అడుగుతాను.

జేఎన్‌టీయూ_వెనకబెంచి
అక్కా, నాన్నగారి డిస్కు ఇక ఆన్ చేయొద్దని చెప్పండి. చప్పుడు వచ్చే డిస్కు తిరిగిన ప్రతిసారీ ఇంకా పాడవుతుంది. దాని మీద స్కాన్‌డిస్క్ లాంటివి అసలు పెట్టొద్దు. ఫాంట్ సాఫ్ట్‌వేర్ కావాలంటే కొత్త విండోస్ వేస్తే లాభం లేదు. డిస్కు మొత్తాన్ని ఉన్నది ఉన్నట్టు దించాలి. లినక్స్‌లో డీడీ రెస్క్యూ అని ఉచిత పనిముట్టు ఉంది. చదవగలిగిన చోట్లన్నీ ముందు లాగేస్తుంది, చెడిపోయిన చోట్లు దాటేసి చివర్లో మళ్లీ ప్రయత్నిస్తుంది, ఎక్కడిదాకా వచ్చిందో రాసుకుంటుంది. దించుకునే డ్రైవ్ పాతదానికన్నా చిన్నది కాకూడదు. అందుకే 256 సరిపోదు, 500 పైన తీసుకోండి. ఆ మిషన్‌కు విండోస్ 11 అధికారికంగా రాదు, విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో మామూలు సపోర్టు అయిపోయింది. ఇంటర్నెట్ తగిలించకుండా డీటీపీకి మాత్రమే వాడుకుంటే మంచిది.

స్క్రూడ్రైవర్_కర్నూలు
పిల్లోడు బాగా చెప్పినాడు. నేనైతే 512 ఎస్ఎస్‌డీకి దించి, ఒక బయటి హార్డ్ డిస్క్ కొనిచ్చి దాంట్లో ఇంకో కాపీ పెడతా. అన్నకు హార్డ్ డిస్కంటే ఇష్టం కదా, అది కాపీకి బాగా పనికొస్తాది.

స్టూడియోఅన్న_అనంత
కాపీకి సరే. ల్యాప్‌టాప్‌లో ఎస్ఎస్‌డీ మాటకు నేను ఇప్పటికీ ఒప్పుకోను. పాపా, ఫోన్ చేసినావా?

పుష్పగిరి_పిల్ల
చేశాను. నాన్న డిస్కు షాపుకు ఇవ్వకుండా తన దగ్గరే ఉంచుకున్నారు. శుక్రవారం రాత్రి బస్సుకు కడప పోతున్నాను. 512 సాటా ఎస్ఎస్‌డీ, యూఎస్‌బీ కేబుల్ ఇక్కడే కొన్నాను.

పుష్పగిరి_పిల్ల
సోమవారం రాస్తున్నాను. మా కజిన్ సాయంతో డీడీ రెస్క్యూ రెండు రాత్రులు నడిచింది. కొత్త ఎస్ఎస్‌డీతో నాన్న ల్యాప్‌టాప్ లేచింది, ఫాంట్లు ఉన్నాయి. 2016 నుంచి ఉన్న ఫైళ్లన్నీ తెరుచుకుంటున్నాయి. అంతకుముందువి రెండు ఫోల్డర్లు రాలేదు. దాంట్లో ఆయన మొదట్లో వేసిన కార్డులు ఉన్నాయి, మా మేనత్త పెళ్లిది కూడా. ఖర్చు ఎంతైనా డేటా తీసే ల్యాబుకు పంపిద్దాం అంటున్నారు. ఇంకొకసారి మేమే ప్రయత్నించమంటారా?

స్టూడియోఅన్న_అనంత
వద్దు పాపా. ఇంక దానికి కరెంటు ఎక్కించొద్దు.

స్క్రూడ్రైవర్_కర్నూలు
అన్న చెప్పినట్టే చెయ్. స్టాటిక్ కవరు, చుట్టూ మందంగా స్పాంజి, పైన పేరు, ఫోన్ నంబరు. పంపేముందు డిస్కు మీదున్న సీరియల్ నంబరు ఫోటో తీసిపెట్టుకో. తిరిగొచ్చింది మీదేనో కాదో దాంతోనే తెలుస్తాది.